తీరిక వేళ: ఇసుకగుంటల తగవు

గోల్ఫు కర్రను నేను ఇంతవరకు చేత్తో ముట్టుకొన్నవాణ్ణి కాను. బెంగుళూరులోనే పుట్టి నలభై యేడేళ్లుగా ఈ వూరి నీళ్లే తాగుతున్నా, 1876 నాటి బెంగుళూరు గోల్ఫు క్లబ్బు పచ్చికను బస్సు కిటికీలోంచి చూచినవాణ్ణే గాని, గోడ అవతలికి పోయినవాణ్ణి కాను. అటువంటివాడికి గోల్ఫు మైదానాల నిర్మాణం గురించి రాయడానికి ఏమి అర్హత వున్నదని మీరు అడగవచ్చు. అర్హత యేమీ లేదు. నాలుగు అట్టపెట్టెలు మాత్రం వున్నవి.

మా ఆఫీసులో పని చేసి రిటైరైన ఒక ఇంజనీరుగారు నిరుడు ఇల్లు మారుతూ, తమ పుస్తకాలను ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వదలచి, జాబితా రాసిపెట్టమని నన్ను పిలిచారు. ఆరు పెట్టెల్లో రెండు వంతెనలవి, నాలుగు గోల్ఫువి. ఆదివారాలు పోయి రాయడం మొదలుపెట్టాను. పేరు, రచయిత, సంవత్సరం రాసుకొని పక్కన పెట్టవలసినది. నా చదువు పదో తరగతితో సరి. ఇంగ్లీషు ఫైళ్లమీద నేర్చిన ఇంగ్లీషు. అయినా ఒక పుస్తకం తెరిచి నాలుగు పుటలు తిప్పేసరికి, ఎవరో ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకొంటున్నారు. ఇంకొకటి తెరిస్తే మరో ఇద్దరు. అరుగుమీద కూర్చుని వీధి తగవు వినే అలవాటు మన రక్తంలోనే వున్నది గదా. జాబితా ఆలస్యమైంది.

ఆటలో తగవు వుండడం వింత కాదు. వీరిది మాత్రం ఆట గురించి కాదు, ఆడే నేల గురించి. టెన్నిసు కోర్టు గీతలు ఎక్కడైనా ఒకే కొలత. క్రికెట్టు పిచ్ ఏ వూళ్లోనైనా 22 గజాలే. గోల్ఫుకు అట్లా కాదు. బంతి పడే హోలు వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు, అని 1891లో ఖాయం చేశారు. ఆటకు 18 హోళ్లు అనే లెక్క స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో 1764లో మొదలైంది; అంతకు ముందు అక్కడ 22. ఇక హోలు దాకా ఎంత దూరం, దారిలో ఇసుకగుంటలు ఎక్కడ తవ్వాలి, చెట్లూ వాగులూ మిట్టపల్లాలూ ఎట్లా వుండాలి అన్నదంతా నిర్మించేవాడి ఇష్టం. ఇష్టం వున్నచోటనే తగవు. పప్పు వుడకడానికి ఎన్ని నీళ్లు అని మన ఇళ్లల్లో ఎవరూ పోట్లాడరు. పోపులో ఇంగువ దగ్గరే వస్తుంది గొడవ.

తగవులో రెండు పక్షాలు. వాన కురిసిన మర్నాడు మీరు మార్కెట్టుకు బయలుదేరారనుకోండి. వీధి మలుపులో బురదగుంట. దాని అంచు వెంబడి పోతే నాలుగు అడుగుల్లో మార్కెట్టు; చుట్టూ తిరిగితే వంద అడుగులు. నేర్పు వున్నవాడు అంచున పోతాడు. ముసలివారు, చేతిలో బిడ్డ వున్నవారు చుట్టూ పోతారు. అందరూ మార్కెట్టు చేరుతారు. నేల ఇట్లా వుండాలి, ఎవరి దారి వారు ఆలోచించి ఎంచుకోవాలి అనేది ఒక పక్షం. రెండో పక్షంవారు ఆ బురదను ఈ గోడనుంచి ఆ గోడదాకా అడ్డంగా పరుస్తారు. దూకగలిగితే దూకు, లేకపోతే పడు, తప్పు చేసినవాడికి శిక్ష పడకపోతే ఒప్పు చేసినవాడికి విలువ యేమిటి అంటారు.

ఈ శిక్షాపక్షానికి పెద్దలు అమెరికాలో పిట్స్‌బర్గు దగ్గరి ఓక్‌మాంటు మైదానం వేసిన ఫౌన్సు కుటుంబంవారు. తండ్రి హెన్రీ ఫౌన్సు 1903లో దాన్ని వేయించాడు. కొడుకు విలియం ఇసుకగుంటలు పెంచుతూ పోయాడు. ఒకప్పుడు అక్కడ 200కు పైగా వుండేవి. అది చాలక, బరువైన పళ్ల దంతెతో ఆ ఇసుకను నాగటిచాళ్ల లాగా గీయించేవారు. బంతి పడితే చాలులో కూరుకుపోవాలి. తప్పు దెబ్బ కొట్టినవాడు దాన్ని మళ్లీ సంపాదించుకొనే వీలు వుండరాదని వారి సిద్ధాంతం. మా చిన్నప్పటి లెక్కల మేష్టారు కూడా ఈ పక్షమే.

ఎంపిక పక్షానికి పెద్ద డాక్టరు అలిస్టర్ మెకెంజీ. నిజంగానే వైద్యుడు, బోయర్ యుద్ధంలో పని చేశాడు. తరువాత వైద్యం మాని మైదానాలు వేశాడు. 1924లో సెంట్ ఆండ్రూస్ పాత మైదానాన్నంతా కొలిచి పటం గీశాడు. చివర్లో బాబీ జోన్సుతో కలిసి అమెరికాలో అగస్టా మైదానం వేసినప్పుడు, అక్కడ మొదట వున్న ఇసుకగుంటలు 22 మాత్రమే. ఓక్‌మాంటు లెక్క పక్కన పెట్టి చూచుకోండి.

ఈ రెండు పక్షాల మధ్యకు 1920లలో బోస్టనునుంచి జాషువా క్రేన్ అనే ఆయన ఒక పట్టిక పట్టుకొని వచ్చాడు. తెలివితక్కువవాడేమీ కాదు, కోర్టు టెన్నిసులో అమెరికా ఛాంపియన్‌గా నిలిచినవాడు. మైదానాల మంచిచెడ్డలు అభిప్రాయాలకు వదలడం ఎందుకు, ఒక్కొక్క అంశానికి ఇన్ని మార్కులని వేసి కూడితే సరిపోతుంది గదా అన్నాడు. గుమాస్తాను గనక ఆయనమీద నాకు వెంటనే అభిమానం కలిగింది. గళ్లు గీసి, అంకెలు వేసి, అడుగున మొత్తం కూడితే ఎంత హాయి!

ఆయన బ్రిటనులోని పేరుపడ్డ మైదానాలకు మార్కులు వేసి కూడాడు. సెంట్ ఆండ్రూస్ అందరికన్న కిందకు పోయింది.

ఇక చూడండి. అది గోల్ఫువారికి తిరుమల కొండ వంటిది. మెట్లు ఎగుడుదిగుడుగా వున్నవని కొండకు మార్కులు తగ్గించినట్లయింది. క్రేన్ లెక్కలో తప్పు లేదు: అక్కడి ఇసుకగుంటలు కొన్ని కంటికి కనపడవు, నేల గతుకులు, మంచి దెబ్బ కొట్టినా బంతి ఒక్కొక్కప్పుడు చెడ్డచోటికి దొర్లుతుంది. మంచి దెబ్బకు మంచి ఫలితం, చెడ్డ దెబ్బకు చెడ్డ ఫలితం రావాలన్నదే ఆయన కొలబద్ద. ఆ కొలబద్దకు సెంట్ ఆండ్రూస్ నిలవదు.

జవాబు చెప్పినవారిలో మెకెంజీ ఒకడు, మాక్స్ బేర్ ఒకడు. ఈ బేర్ అనేవాడు 1908లో అమెరికా అమెచ్యూర్ పోటీ ఫైనలుదాకా వెళ్లి ఓడినవాడు, ఒక గోల్ఫు పత్రికకు సంపాదకుడుగా వుండినవాడు, తరువాత తానూ మైదానాలు వేశాడు. ఆయన వాక్యం మొదలుపెట్టి, లేచి కాఫీ తాగి వచ్చి కూర్చున్నా, అది ఇంకా నడుస్తూనే వుంటుంది. మూడుసార్లు చదివితే నాకు తేలిన సారం ఇది: టెన్నిసులో ఎదుటివాడు మనిషి, గనక గీతలు, సమన్యాయం కావాలి; గోల్ఫులో ఎదుట నిలిచేది ప్రకృతి. అక్కడ మనిషికి స్వేచ్ఛ ఇచ్చి, ఎట్లా దాటుతాడో చూడాలి గాని, అడుగడుగునా బెత్తం పట్టుకొని నిలబడరాదు. ఈ తగవు పత్రికల్లో నడిచింది. మెకెంజీ తన వాదాన్నంతా ఒక పుస్తకంగా రాసిపెట్టి 1934లో చనిపోయాడు. ఆ రాతప్రతి ఎక్కడో పడివుండి 1995లో గాని అచ్చు కాలేదు. మనిషి పోయిన అరవై యేళ్లకు వాదన బయటికి వచ్చింది!

ఎవరు గెలిచారంటే నేను చెప్పలేను. ఒక సంగతి మాత్రం చెబుతాను. బాబీ జోన్సు పందొమ్మిదేళ్ల వయసులో, 1921లో, మొదటిసారి సెంట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడాడు. మూడో రౌండులో పదకొండో హోలు దగ్గర ఇసుకలో పడి, ఎంతకూ పని జరగక, కోపం వచ్చి ఆట మానేశాడు. ఈ నేల నాకు అన్యాయం చేసిందని ఆనాడు క్రేన్ పక్షాన సాక్ష్యం చెప్పమంటే చెప్పివుండేవాడే. ఆరేళ్ల తరువాత, 1927లో, అదే మైదానంలో అదే పోటీ గెలిచాడు. 1958లో, వ్యాధివల్ల నడక కష్టమైన స్థితిలో మళ్లీ వెళితే, ఆ వూరివారు ఆయనకు పౌరస్వాతంత్ర్యం ఇచ్చి గౌరవించారు. అంతకు ముందు ఆ గౌరవం పొందిన అమెరికను బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1759లో. జీవితంలోనుంచి తక్కిన అనుభవాలన్నీ తీసివేసినా, ఈ వూరి అనుభవాలు మిగిలితే చాలునన్నట్లుగా ఆ సభలో జోన్సు మాట్లాడాడు. నేల మారలేదు. 1921లో వున్న ఇసుకగుంట అక్కడే వుంది.

ఇంతవరకు పండిత చర్చ. ఇక హాస్యానికి వద్దాము. మైదానాలు వేసేవారికీ, ఆడేవారికీ మధ్య జరిగిన ముచ్చట్లు విని నేను పెట్టెల మధ్య ఒక్కణ్ణే నవ్వుకొన్నాను.

రాబర్ట్ ట్రెంట్ జోన్సు (బాబీ జోన్సు కాదు, వేరే ఆయన) 1954 నాటి అమెరికా ఓపెన్ కోసం బాల్టస్‌రోల్ మైదానాన్ని సవరించాడు. నాలుగో హోలు మరీ కష్టమైపోయిందని సభ్యులు గోల పెట్టారు. ఆయన జవాబు రాయలేదు. సభ్యులను వెంటబెట్టుకొని అక్కడికే వెళ్లి, తానే బంతి కొట్టాడు. ఒక్క దెబ్బకు అది పోయి హోలులో పడింది. అయ్యలారా, హోలు న్యాయంగానే వున్నట్టున్నది అని తిరిగివచ్చాడు. ఇంతకన్న క్లుప్తమైన జవాబు ఏ ఫైలులోనూ నేను చూడలేదు.

మరొకప్పుడు దెబ్బ ఆయనకే తగిలింది. ఆయన కట్టుదిట్టం చేసిన ఓక్లండ్ హిల్స్ మైదానంలో 1951 ఓపెన్‌ను బెన్ హోగన్ చెమటోడ్చి గెలిచాడు. ట్రెంట్ జోన్సు భార్య వచ్చి అభినందిస్తే, అమ్మా, మీ ఆయన తాను వేసిన మైదానాల్లో తానే ఆడి సంపాదించవలసివస్తే మీరు తిండికి వరసలో నిలబడవలసి వచ్చేది అన్నాడట.

పీట్ డై అనే ఆయన ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకొంటూ, ఆ పని మాని మైదానాలు వేశాడు. ఫ్లోరిడాలో ఆయన వేసిన సాగ్రాస్ మైదానంలో పదిహేడో హోలు చుట్టూ నీళ్లే. ఇసుక తవ్వుకోగా మిగిలిన గోతిని నీటితో నింపి మధ్య దీవి చేద్దామని సలహా ఇచ్చినది భార్య ఆలిస్. ఆవిడా మైదానాలు వేసే మనిషే. తరువాత అమెరికా గోల్ఫు మైదాన నిర్మాతల సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. 1982లో అక్కడ మొదటి పెద్ద పోటీ జరిగితే ఆటగాళ్లు మైదానాన్ని నోటికి వచ్చినట్లు తిట్టారు. గెలిచిన జెర్రీ పేట్ ఏమి చేశాడో తెలుసా? పోటీలు నడిపే కమిషనరునూ, పీట్ డైనూ పట్టుకొని చెరువులోకి తోసి, వెనకనే తానూ దూకాడు. అందరూ తడిసి నవ్వుతూ బయటికి వచ్చారు. తరువాత పీట్ డై, ఆటగాళ్ల మాటలో నిజం వున్నంతమేరకు, గ్రీన్లు చాలావరకు సర్ది మెత్తబరిచాడు.

ఓక్‌మాంటు కథ ఇంకా విచిత్రం. 1960ల తరువాత అక్కడ చెట్లు విరివిగా నాటారు. అవి పెరిగి అసలు మైదానం స్వరూపమే మారిపోయింది. 1990లలో, పూర్వరూపం తేవాలంటే చెట్లు కొట్టాలని కొందరు పెద్దలు నిశ్చయించారు. సభ్యులకు చెబితే తగవు. గనక తెల్లవారకముందే, దీపాల వెలుతురులో, పనివాళ్లు వచ్చి కొన్ని చెట్లు కొట్టి, రంపపు పొట్టు కూడా మిగలకుండా వూడ్చి, ఎవరూ రాకముందే వెళ్లిపోయేవారు. ఇట్లా కొంతకాలం సాగింది! ఒకనాటికి సభ్యులు కనిపెట్టారు. అప్పుడు జరిగినది మీరు వూహించుకోగలరు. అయినా పని ఆగలేదు. వేల చెట్లు పోయినవి. కమిటీల్లో పని చేసినవారెవరికైనా ఈ కథలో ఇద్దరిమీదా జాలి కలుగుతుంది.

నవ్వుతూనే పుటలు తిప్పుతున్నవాణ్ణి, ఒక చోట ఆగిపోయాను. 1970లో మినెసోటాలోని హేజెల్‌టైన్ మైదానంలో అమెరికా ఓపెన్. అదీ ట్రెంట్ జోన్సు వేసినదే. డేవ్ హిల్ అనే ఆటగాణ్ణి పత్రికలవారు, ఈ మైదానానికి ఏమి తక్కువైందని అడిగారు. ఎనభై ఎకరాల మొక్కజొన్న, కొన్ని ఆవులు తక్కువ అన్నాడు. పొలాన్ని పాడుచేశారని భావం. అందరూ నవ్వారు. ఆయనకు 150 డాలర్ల జరిమానా వేశారు. పోటీలో రెండో స్థానం వచ్చింది. తరువాత ఆ మైదానాన్ని మార్చి, సవరించి, 1991లో మళ్లీ ఓపెన్ పెట్టారు. కాబట్టి ఆయన విమర్శలో పస లేకపోలేదు. అయినా అందరూ చెప్పుకొనేది ఆవుల మాటే.

నేను ఆగిపోయినది ఎందుకంటే, అటువంటి మాటే నేనూ అన్నవాణ్ణి.

మా లేఅవుటులో చిన్న పార్కు వున్నది. రెండేళ్లకిందట దాన్ని బాగుచేయడానికి కమిటీ కూర్చున్నది. మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనవారు. నెలరోజులు కూర్చుని, గ్రాఫు కాగితంమీద మూడు రంగుల సిరాతో ప్లాను గీసి తెచ్చారు. చుట్టూ నిటారుగా, సమంగా, సిమెంటు దారి. పక్కన ఇనప కడ్డీ. ఇరవై అడుగులకొక బెంచీ. నాకు ఆ దారి నచ్చలేదు. కానుగ చెట్ల కింద వంకరటింకరగా పోయే మట్టిదారే వుండాలని నా పట్టు. ఆ మాట ఆ విధంగా చెప్పవచ్చును గదా. నేను లేచి, ప్లాను చాలా బాగున్నది, ఒక ప్లాట్‌ఫారమూ, మైసూరు పాసెంజరూ వుంటే సరిపోతుంది అన్నాను.

సభ ఘొల్లుమన్నది. పక్కనున్న కన్నడ పెద్దాయన నా వీపు తట్టాడు. బావగారు ఏమీ అనలేదు. కాగితం చుట్టి, రబ్బరుబాండు వేసి, లేచి వెళ్లిపోయారు. సంక్రాంతికి రాలేదు. వుగాదికి రాలేదు. మా ఆవిడ నాతో పోట్లాడలేదు గాని, ఒకనాడు వడ్డిస్తూ, "మీ జోకు బాగానే వుందండీ, మా అన్నయ్యే అర్థం చేసుకోలేకపోయాడు" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

హాస్యంలో తేడా వున్నదని నాకు ఆ అట్టపెట్టెల దగ్గర తోచింది. పేట్ ఇతరులను నీళ్లలోకి తోసి, తానూ దూకాడు. ట్రెంట్ జోన్సు తన మాటకు తానే బంతి కొట్టి చూపాడు. తప్పివుంటే నవ్వులపాలయ్యేది తానే. నేను గట్టుమీద నిలబడి తోసినవాణ్ణి. బావగారి ప్లానులో తప్పు చెప్పలేదు, ఆయన నెలరోజుల పనిని నవ్వులో పోసేశాను. మట్టిదారి ఎందుకు మంచిదో ఒక్క కారణం కూడా ఆనాడు నా నోటినుంచి రాలేదు. నా మాట నెగ్గింది, అంతే.

క్రేన్ పట్టికను ఒప్పుకోనివారు కూడా ఆ పట్టిక చదివారు, అందులో లెక్క యేమిటో తెలుసుకొని జవాబు రాశారు. నేను ఆ గ్రాఫు కాగితాన్ని దగ్గరనుంచి చూడనైనా లేదు.

మొన్న ఆదివారం జాబితా ముగించి ఇంజనీరుగారికి ఇచ్చి, ఇంటికి పోకుండా బావగారి ఇంటికి వెళ్లాను. తలుపు అక్కయ్యగారు తీశారు, కర్ర వూతగా పట్టుకొని. బావగారు లోపలినుంచి "ఎవరు?" అన్నారు. చెప్పాను. కొంచెంసేపు చప్పుడు లేదు. తరువాత, "కూర్చోమను" అన్నారు.

క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకొంటూ పోయినవాణ్ణి, తీరా ఎదుట కూర్చున్నాక, "ఆ ప్లాను ఒకసారి చూపిస్తారా బావగారూ?" అన్నాను. నావంక చూచి, బీరువాపైనుంచి తీశారు. రబ్బరుబాండు ఎండిపోయి తెగింది. కాగితం పరచి, నేను అడగకుండానే చెప్పసాగారు. సిమెంటు దారి ఎందుకంటే, ఆ సంవత్సరం వానల్లో అక్కయ్యగారు ఆ మట్టిదారిమీదనే జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆస్పత్రికి కారియర్ మోసినవాణ్ణి నేనే. పడినది పార్కులోనని మాత్రం తెలియదు. ఎవరినీ అడగలేదు. ఇరవై అడుగులకొక బెంచీ ఎందుకంటే, ఇరవై అడుగులు నడిస్తే ఆవిడ కూర్చోవాలి. ఇనప కడ్డీ ఆవిడ చేతి ఎత్తుకు లెక్క కట్టినది.

నేను తలవంచుకొని కాఫీ తాగాను. అప్పటికి ఒక మాట చెప్పగలిగాను: "ఆనాడు నేను అన్నది తప్పు బావగారూ." ఆయన, "పాసెంజరు సరే గాని, మైసూరుకు ఎక్స్‌ప్రెస్సు వెయ్యవలసింది" అన్నారు. అక్కయ్యగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కళ్లు చెమర్చినవి.

వచ్చే నెల కమిటీ మళ్లీ కూర్చుంటుంది. ఒక వైపు సిమెంటు దారీ కడ్డీ, ఇంకొక వైపు కానుగల కింద మట్టిదారీ వుంటే, ఎవరిది వారు ఎంచుకొంటారు గదా అని మేమిద్దరం పెన్సిలుతో గీశాము. మలుపు దగ్గర మాత్రం ఇంకా కుదరలేదు. అక్కడ గుండ్రంగా తిప్పాలని నేను, నిటారుగా పోవాలని ఆయన. ఆదివారం మళ్లీ రమ్మన్నారు. ఈసారి స్కేలు నన్ను తెచ్చుకోమన్నారు, ఆయనది ఇవ్వరట.